గడ్డి ఒకటే, నేలలు మూడు



పోయిన నెల పెర్కిట్‌లో పొద్దున పాలు పోసే వేళ ఒక అక్క నన్ను నిలబెట్టి అడిగింది. "అన్నా, సంఘపోళ్ళు మంచిదంటేనే లూసర్న్ గడ్డి ఏసినం. ఒక్క సంచిల ఇత్తనమే మేమూ మా ఆడిబిడ్డోళ్ళూ పంచుకున్నం. ఆళ్ళ చెల్కల ఇప్పటికీ పచ్చగున్నది. మా రేగట్ల రెండు ముసుర్లకే కుళ్ళిపోయింది. మంచి భూమి మాదైతే గడ్డి ఆళ్ళకెట్ల నిలిచింది?"

ఆ అక్కకు అక్కడ నిలబడి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నాకూ అదే జరిగింది. కొన్నేళ్ళ కింద కాలువ కింది రేగట్లో అర ఎకరం లూసర్న్ వేశాను. చలికాలమంతా, ఎండాకాలమంతా కోసుకున్నాం. ఇంట్లో బర్రెలు దాణా తక్కువ తిన్నాయి, పాలు తగ్గలేదు. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. మడుల్లో నీళ్ళు నిలబడ్డాయి. వారం తిరిగేసరికి మొక్క పట్టుకుని లాగితే వేరు నల్లబడి ఊడి వచ్చింది. విత్తనం కల్తీదని దుకాణాయనతో పోయి గొడవ పెట్టుకున్నాను. తర్వాత తెలిసింది, తప్పు విత్తనానిది కాదు, నాదే. గడ్డి సంగతి అడిగి తెలుసుకున్నాను గానీ నేల సంగతి అడగలేదు.

దసరా దాటితే లూసర్న్ విత్తే కాలం. ఈసారి మన సభ్యులు చాలామంది వేస్తామంటున్నారు. అందుకే ఈ నెల సంపాదకీయం ధరల మీద కాకుండా ఒక గడ్డి లెక్క మీద రాస్తున్నాను. ఇది గడ్డితో ఆగే లెక్క కాదు. ప్రభుత్వం మన పంటలన్నిటి ఖర్చునూ ఎట్లా కడుతున్నదో కూడా ఇందులో కనబడుతుంది.

మేత విత్తనం మనది, మేత కొనేదీ మనమే

ఆర్మూరు, బాల్కొండ ప్రాంతంలో మనం పండించే ఎర్రజొన్న మనం తినేది కాదు. వ్యాపారులు కొని శుద్ధి చేసి ఉత్తరాది రాష్ట్రాలకు పంపుతారు. అక్కడి పాడి రైతులు పచ్చిమేత కోసం చల్లుకుంటారు. ఆ విత్తనం డబ్బులు రాక 2008లో ఆర్మూరులో రోడ్డెక్కిన వాళ్ళం మనమే. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి మూకుమ్మడిగా నామినేషన్లు వేసిందీ మనమే. ఆ ఎన్నికలో 185 మంది పోటీలో ఉంటే అందులో నూట డెబ్బై మందికి పైగా రైతులే.

ఉత్తరాది బర్రెల మేతకు విత్తనం పండించే మనం మన బర్రెలకు ఏం పెడుతున్నాం? వరిగడ్డి, సొప్ప, దుకాణంలో కొన్న దాణా. హార్వెస్టరు వచ్చాక వరిగడ్డి కూడా సరిగ్గా ఇంటికి రావడం లేదు. పాల డబ్బుల్లో పెద్ద వాటా దాణా సంచికి పోతున్నది. పసుపు ధర పడిపోయిన ఏడు ఇల్లు నడిపింది పాల డబ్బులేనని ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలుసు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగు పట్టి నిజామాబాద్ మార్కెట్‌కు తీసుకుపోయేదాకా చేతికి రూపాయి రాదు. పాలు పదిహేను రోజులకోసారైనా డబ్బు చూపిస్తాయి. 2025లో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. బోర్డు వచ్చినా పసుపుకు మద్దతు ధర లేదు. మేత పంటలకైతే ఆ మాట ఎత్తిన వాళ్ళే లేరు. కాబట్టి దాణా ఖర్చు తగ్గించుకోవడం మనకు సరదా కాదు, అవసరం.

లూసర్న్‌కు ఏం కావాలి

లూసర్న్ పప్పుజాతి గడ్డి. ఒక్కసారి విత్తితే కోసిన కొద్దీ మళ్ళీ చిగురిస్తుంది. విత్తిన రెండు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత నెలకో కోత. పచ్చి గడ్డిలో ఐదో వంతు ఎండు పదార్థం ఉంటుంది. ఆ ఎండు పదార్థంలో 18 నుంచి 20 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. పశువైద్యులు చెప్పే మోటు లెక్క ఏమిటంటే, ఆరు నుంచి ఎనిమిది కిలోల పప్పుజాతి పచ్చిమేత, మాంసకృత్తుల వరకు చూస్తే, ఒక కిలో దాణాకు బదులవుతుంది. మామూలు గడ్డి అయితే దానికి ఇరవై కిలోలు కావాలి.

అయితే ఇది మొండి పంట కాదు. దీని తల్లివేరు నిలువుగా చాలా లోతుకు దిగుతుంది. దిగేంత లోతు నేల ఉండాలి, దిగిన వేరుకు గాలి ఆడాలి. రెండు మూడు రోజులు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. పులుపు నేల పనికిరాదు, చౌడూ పనికిరాదు. భాస్వరం బాగా అడుగుతుంది. నత్రజని మాత్రం వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలి నుంచే తీసుకుంటుంది. కానీ ఆ సూక్ష్మజీవి మన చేన్లలో మొదట ఉండదు. సోయాకు వాడే కల్చర్ దీనికి పనిచేయదు. లూసర్న్ కోసం తయారు చేసిన రైజోబియం కల్చరే విత్తనానికి పట్టించాలి. ఇది చేయనివాళ్ళు యూరియా పోసి పచ్చదనం తెచ్చుకుంటున్నారు. ఊరికే దొరికేదాన్ని కొనుక్కోవడం అన్నమాట.

ఇప్పుడు మన నేలలు చూద్దాం. రేగడికి బలం ఉంది, తడి పట్టుకుంటుంది. కానీ వానాకాలం ఆ తడిని వదలదు. తడిస్తే ఉబ్బి గాలి సందులు మూసుకుపోతాయి. ఎర్ర చెల్కలో నీరు నిలవదు, వేరుకు గాలి ఆడుతుంది. కానీ సారం తక్కువ, ఎండాకాలం వారానికో తడి అడుగుతుంది. కొన్ని చోట్ల రెండడుగుల కిందే మొరం తగులుతుంది. మూడోది చౌడు. కాలువల కింద పల్లంలో, ఊట దిగే చోట తెల్లగా పొర కట్టే నేల.

మూడు నేలల లెక్క

ఈ అంకెలు సర్వే చేసి తెచ్చినవి కావు. లెక్క ఎట్లా కట్టాలో చూపడానికి పెట్టుకున్నవి. మీ ఊరి కూలి, మీ ఊరి రేట్లు వేసుకుని మళ్ళీ చేసుకోండి.

ఒక ఎకరం విత్తే ఖర్చు ఇట్లా అనుకుందాం. దుక్కి, చదును, మడులు 6,000. పశువుల ఎరువు 8,000. ఎనిమిది కిలోల విత్తనం 4,000. భాస్వరం, పొటాష్ 4,000. మొదటి రెండు కలుపులు 8,000. మొత్తం 30,000 రూపాయలు. ఆ తర్వాత ప్రతి కోతకు కోసి మోసే కూలి 2,000. తడి ఒక్కింటికి మనిషి కూలి, మోటారు అరుగుదల కలిపి 400. రెండో ఏడు నుంచి ఏడాదికి 3,000 ఎరువు.

మొదట రేగడి. కోతకు నాలుగు టన్నులు వస్తుంది. నెలకు రెండు తడులు చాలు. కానీ డిసెంబరు నుంచి జూన్ దాకా ఏడు కోతలు తీసుకునేసరికి వానలు పడి పంట పోతుంది. 30,000ను ఏడు కోతలకు పంచితే కోతకు 4,286. దానికి తడులు 800, కూలి 2,000. మొత్తం 7,086. నాలుగు టన్నులకు పంచితే కిలో గడ్డి 1 రూపాయి 77 పైసలు.

రెండోది చెల్క. కోతకు మూడు టన్నులే వస్తుంది. నెలకు నాలుగు తడులు. కానీ పంట మూడేళ్ళు నిలిచి 22 కోతలు ఇస్తుంది. విత్తే ఖర్చు, తర్వాతి రెండేళ్ళ ఎరువు కలిపి 36,000. కోతకు 1,636. తడులు 1,600, కూలి 2,000. మొత్తం 5,236. మూడు టన్నులకు పంచితే కిలో 1 రూపాయి 75 పైసలు.

చూశారా? ఎకరానికి ఎక్కువ పండే నేల, తక్కువ పండే నేల చివరికి ఒకే దగ్గరికి వచ్చాయి. ఎవరైనా ఆఫీసరు వచ్చి ఈ రెండు అంకెలు చూస్తే, లూసర్న్ ఖర్చు ఎక్కడైనా ఒకటే అని రాసుకుపోతాడు. కానీ లోపలి సంగతి వేరు. రేగడి రైతును తింటున్నది విత్తే ఖర్చు. చెల్క రైతును తింటున్నది తడులు, కూలి.

జబ్బు వేరు కాబట్టి మందు కూడా వేరు. రేగట్లో మడులు తీసేసి ఎత్తు బోదెలు వేసి, చేను వాలు చూసి, గెట్టు వెంట మురుగు కాలువ తీశామనుకుందాం. ఇంకో 5,000 ఖర్చు. దానివల్ల పంట ఒక్క వానాకాలం దాటినా ఏడు కోతలు పదిహేను అవుతాయి. రెండో ఏటి ఎరువు, కాలువల ఖర్చు కలిపి 38,000ను 15 కోతలకు పంచండి. కోతకు 2,533. తడులు, కూలి 2,800 కలిపితే 5,333. కిలో 1 రూపాయి 33 పైసలకు దిగింది. కిలోకు 44 పైసలంటే నవ్వకండి. అరవై టన్నుల మీద అది 26 వేల పైమాటే. అదే 5,000 పెట్టి చెల్కలో మురుగు కాలువ తీస్తే ఒక్క రూపాయి కూడా రాదు. అక్కడ పశువుల ఎరువు ఎక్కువ వేసి, స్ప్రింక్లర్ పెట్టి, నెలకు ఒక తడి తగ్గించుకోవాలి. ఒక్క తడి తగ్గితే కిలోకు 13 పైసలు మిగులుతుంది.

మూడోది చౌడు. అక్కడ కోతకు రెండు టన్నులు, మూడు కోతలు వస్తే గొప్ప. విత్తే ఖర్చే కోతకు 10,000. అన్నీ కలిపి కిలో 6 రూపాయల 40 పైసలు పడుతుంది. ఎనిమిది కిలోలంటే 51 రూపాయలు. కిలో దాణా 28 రూపాయలకు దొరుకుతుంటే 51 రూపాయల గడ్డి ఎవరికి కావాలి? చౌడులో జిప్సం, జనుము, జీలుగలతో ముందు నేలను బాగు చేసుకోవాలి. లూసర్న్ ఆ తర్వాతి మాట.

మంచి నేలల్లో ఎనిమిది కిలోల గడ్డి 14 రూపాయలు పడి, 28 రూపాయల దాణాను తప్పిస్తున్నది. సగానికి సగం మిగులు. ఇక్కడి దాకా అందరికీ సంతోషమే. కానీ ఈ లెక్కలో ఒకటి వదిలేశాం.

కౌలు రైతు ఎక్కడ ఆగిపోతున్నాడు

మద్దతు ధర అడిగేటప్పుడు మనం సి2 మీద యాభై శాతం కలిపి ఇవ్వమంటాం. సి2లో సొంత భూమి కౌలు కూడా ఖర్చే. స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి ప్రభుత్వంతో ఇన్నేళ్ళుగా కొట్లాడుతున్నాం. ఇంట్లో లెక్క చేసుకునేటప్పుడు మాత్రం మన భూమే కదా అని ఆ ఖర్చు మరిచిపోతాం. అది కూడా వేద్దాం.

ఎకరం కౌలు ఏడాదికి 20,000 అనుకుంటే, చెల్కలో మూడేళ్ళకు 60,000. 66 టన్నుల మీద కిలోకు 91 పైసలు. 1.75కు ఇది కలిపితే దాదాపు 2 రూపాయల 65 పైసలు. ఎనిమిది కిలోలకు 21 రూపాయల పైన. దాణాతో పోలిస్తే ఆరేడు రూపాయలు మిగులు. ఇది సొంత భూమి రైతు అసలు లెక్క. పసుపు పండే మంచి రేగడికి కౌలు ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ మిగులు ఇంకా సన్నబడుతుంది. అందుకే పసుపు వేసే చెక్క తీసి లూసర్న్ వేయమని సంఘం చెప్పడం లేదు.

ఇప్పుడు అదే చెల్కను కౌలుకు చేసే మనిషిని చూడండి. నోటి మాట కౌలు, పదకొండు నెలలు. తర్వాత భూమి ఉంటుందో పోతుందో తెలియదు. ఆయనకు 22 కోతలు ఎక్కడివి? ఎనిమిది కోతలు తీసుకుంటే ఎక్కువ. 30,000ను ఎనిమిదికి పంచితే 3,750. తడులు, కూలి 3,600. మొత్తం 7,350. కిలో 2 రూపాయల 45 పైసలు. కౌలు 83 పైసలు. మొత్తం 3 రూపాయల 28 పైసలు. ఎనిమిది కిలోలకు 26 రూపాయల పైన. 28 రూపాయల దాణాకు బదులు ఇంత కష్టం చేసి మిగిలేది రెండు రూపాయల లోపు.

నేల అదే. విత్తనం అదే. కౌలు రేటు కూడా ఇద్దరికీ ఒకటే వేశాం. అయినా కిలోకు 63 పైసలు తేడా. ఇది నేల తెచ్చిన తేడా కాదు, గడువు తెచ్చిన తేడా. మూడేళ్ళు నిలిచే పంట పదకొండు నెలల కౌలులో ఇమడదు. మన ఊళ్ళల్లో సెంటు భూమి లేకుండా రెండు బర్రెలు పెట్టుకుని బతికే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో చూడండి. లూసర్న్ నిజంగా అవసరమైంది వాళ్ళకు. అందనిదీ వాళ్ళకే.

2011లో లైసెన్సు కౌలుదారుల చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు ఇస్తే కౌలు రైతుకు బ్యాంకు అప్పు అందుతుందని, భూమి యజమాని హక్కుకు భంగం ఉండదని అందులో ఉంది. కాగితం మీద ఉన్న ఆ చట్టాన్ని ఊళ్ళోకి తెమ్మని మనం అడుగుతూనే ఉన్నాం. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే అందింది గానీ కౌలుదారుకు అందలేదు. సాగు చేసే మనిషిని గుర్తించకుండా పచ్చిమేత పెంచండి, పాడి పెంచండి అని ఉపన్యాసాలు చెబితే ఎవరు పెంచాలి?

కరెంటు ఉచితం, నీళ్ళు కాదు

చెల్క రైతుకు ఇంకో మాట చెప్పాలి. 2018 జనవరి నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది. కాబట్టి పై లెక్కలో కరెంటు బిల్లు లేదు. కానీ నెలకు నాలుగు తడుల చొప్పున మూడేళ్ళు బోరు నడిపితే ఆ నీళ్ళు ఎక్కడివి? పక్క బోరువాళ్ళవి కూడా.

గల్ఫ్‌కు పోయి డెయిరీల్లో పని చేసి వచ్చిన మన ఊళ్ళ వాళ్ళకు ఈ గడ్డి బాగా తెలుసు. అక్కడ దాన్ని బర్సీం అంటారు. సౌదీ అరేబియా ఎడారిలో భూగర్భ జలం తోడి ఏళ్ళ తరబడి దీన్ని పండించారు. నీళ్ళు లోతుకు పోయేసరికి ఆ ప్రభుత్వమే పచ్చిమేత సాగును ఆపించే నిర్ణయం తీసుకుంది. 2014లో ఆ దేశపు పెద్ద పాల కంపెనీ అల్మరాయ్ అమెరికాలోని అరిజోనాలో దాదాపు పదివేల ఎకరాలు కొన్నది. అక్కడ లూసర్న్ పండించి, ఎండబెట్టి, కట్టలు కట్టి ఓడల్లో సౌదీకి తెచ్చుకుంది. అరిజోనా కూడా ఎడారే. తమ బోర్లు ఎండుతున్నాయని అక్కడి జనం గొడవ చేశారు. అదే కంపెనీ లీజుకు తీసుకున్న ప్రభుత్వ భూముల మీద 2023లో ఆ రాష్ట్ర ప్రభుత్వం చర్య తీసుకుంది.

మనది ఎడారి కాదు. శ్రీరాంసాగర్ పక్కన ఉన్నాం. కానీ ఎత్తు మీది చెల్కలకు కాలువ అందదు, బోరే దిక్కు. ఎకరాలకు ఎకరాలు లూసర్న్ వేసి గడ్డి అమ్ముకుందామంటే ముందు ఎండేది మన బోరే. ఇంటి బర్రెలకు సరిపడా వేసుకుంటే నేలా నిలుస్తుంది, నీళ్ళూ నిలుస్తాయి. అది ఎంతో చెబుతాను. మూడు బర్రెలకు రోజుకు ఎనిమిదేసి కిలోలంటే 24 కిలోలు. చెల్కలో పది గుంటలు నెలకు 750 కిలోలు ఇస్తే రోజుకు 25 కిలోలు. పది గుంటలు చాలు.

ప్రభుత్వం కట్టే లెక్క

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. లూసర్న్ విషయంలో నేల మారితే ఖర్చు ఎక్కడ పడుతుందో, ఎట్లా తగ్గుతుందో మారిందని చూశాం. పసుపుకూ అంతే. రేగట్లో దుంపకుళ్ళు ఖర్చు, చెల్కలో తడుల ఖర్చు. మక్కకూ అంతే, సోయాకూ అంతే. కానీ ప్రభుత్వ కాగితాల్లో నేల ఎక్కడుంది?

ప్రతి ఏడూ జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ కూర్చుని ఏ పంటకు ఎకరానికి ఎంత అప్పు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. బ్యాంకువాళ్ళు స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అనేది దీన్నే. అందులో పంట పేరు ఉంటుంది, నేల పేరు ఉండదు. ఢిల్లీలో సాగు వ్యయాల, ధరల కమిషన్ రాష్ట్రమంతటికీ ఒక సగటు తీస్తుంది. నేలనుబట్టి ఎక్కువ ఖర్చయ్యేవాడు ఆ సగటు కింద కనబడకుండా పోతాడు.

2015లో భూసార పరీక్ష కార్డులు వచ్చాయి. మంచి పని. ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అని 12 అంశాలు ఆ కార్డులో ఉన్నాయి. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాలకు పైగా నేలకు ఒక్క నమూనా అని పెట్టారు. మన దగ్గర ఆరెకరాల్లో ఇద్దరు ముగ్గురు రైతులు, రెండు రకాల నేలలు ఉంటాయి. పైగా ఆ 12 అంశాల్లో నీరు ఎంతసేపట్లో ఇంకుతుంది, నేల ఎంత లోతు ఉంది అనే రెండు లేవు. నా అర ఎకరం లూసర్న్‌ను చంపింది ఆ కార్డులో లేని సంగతే.

అందుకే సంఘం తరఫున నాలుగు విషయాలు అడగాలని ఈ సంపాదకీయం ద్వారా ప్రతిపాదిస్తున్నాను. మీ గ్రామ కమిటీల్లో చర్చించి తీర్మానం పంపండి.

ఒకటి. భూసార కార్డులో నేల లోతు, నీరు ఇంకే తీరు చేర్చాలి. దీనికి లేబొరేటరీ అవసరం లేదు, గడ్డపార, బిందెడు నీళ్ళు చాలు. వ్యవసాయ విస్తరణ అధికారి రైతుతో కలిసి చేనులోనే చూసి రాయవచ్చు.

రెండు. జిల్లా కమిటీ అప్పు పరిమితి నిర్ణయించేటప్పుడు రేగడికి, చెల్కకు వేర్వేరు లెక్క కట్టాలి. మేత పంటలను కూడా అందులో చేర్చాలి. పాడికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తామని 2018-19 బడ్జెట్‌లో చెప్పారు. ఆ కార్డు మీద మేత సాగుకు అప్పు ఎంతో స్పష్టంగా రాయాలి.

మూడు. రాయితీ మీద లూసర్న్ విత్తనం ఇచ్చేటప్పుడు దానికి సరిపడే రైజోబియం కల్చర్ ప్యాకెట్ కలిపి ఇవ్వాలి. బంగారు తీగ గింజలు లేని ధ్రువీకరించిన విత్తనమే ఇవ్వాలి. ఆ తీగ ఒక్కసారి చేనులో పడితే లూసర్న్‌ను అల్లుకుని పీల్చేస్తుంది, వదిలించుకోవడం కష్టం.

నాలుగు. కౌలు రైతులకు గుర్తింపు కార్డులు ఇవ్వాలి. మేత కోసం పది ఇరవై గుంటలు మూడేళ్ళకు రాసి ఇచ్చే యజమానులకు ఏదో ఒక ప్రోత్సాహకం పెట్టాలి. పది గుంటలంటే ఎవరి ఆస్తీ పోదు.

మనం చేయాల్సింది

అన్నీ ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే దసరా ఆగదు. ఈ లోపు మన చేతిలో ఉన్న పనులు ఇవి.

విత్తే ముందు చేనులో రెండడుగుల లోతు, అడుగు వెడల్పు గుంత తీయండి. నీళ్ళు నింపి ఇంకనివ్వండి. మళ్ళీ నింపండి. రెండోసారి నింపిన నీళ్ళు మరునాడు అదే వేళకు కూడా గుంతలో ఉంటే, కాలువ తీయకుండా అక్కడ లూసర్న్ వేయవద్దు. గుంత తవ్వేటప్పుడే మొరం తగిలితే అక్కడా వద్దు.

నీరు నిలిచే రేగట్లో కాలువ తీయలేని వాళ్ళు లూసర్న్‌నే పట్టుకుని కూర్చోవద్దు. కృష్ణా డెల్టా రైతులు వరి కోతకు ముందే చేనులో పిల్లిపెసర, జనుము చల్లి, మిగిలిన తడితోనే పప్పుజాతి మేత తీసుకుంటారు. మన వరి మడుల్లోనూ చేసి చూడవచ్చు. మేత అలసంద ఉంది. దశరథ గడ్డి ఉంది. నేలకు తగ్గ గడ్డిని వెతకాలి గానీ గడ్డి కోసం నేలతో కొట్లాడితే మనమే ఓడిపోతాం.

మొదటిసారి ఎకరాలు వేయవద్దు. పది గుంటలే వేయండి. లూసర్న్ తీసేసిన చోట వెంటనే మళ్ళీ లూసర్న్ వేయవద్దు, సరిగా రాదు. ఏడాది వేరే పంట వేసి రండి. పచ్చి లూసర్న్ ఒక్కటే ఆకలి మీద ఉన్న పశువుకు కడుపునిండా వేయవద్దు. కడుపు ఉబ్బి గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. కోసి కొంచెం వాడనిచ్చి, సొప్ప గానీ వరిగడ్డి గానీ కలిపి వేయండి. అనుమానాలుంటే రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రంలో, మీ పశువైద్యశాలలో అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, ఒక నోటు పుస్తకం. విత్తిన తేదీ, నేల రకం, ప్రతి కోత తేదీ, ఎన్ని మోపులు, ఎన్ని తడులు, ఎన్ని కూలీలు అని రాయండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళతో రాయించండి. నా లెక్కలో అనుకున్నవే ఎక్కువ. మీ పుస్తకాలు వస్తే వచ్చే ఏడు ఇదే పేజీలో రేగడి రైతుల లెక్క ఒక పక్క, చెల్క రైతుల లెక్క ఒక పక్క, కౌలు రైతుల లెక్క మధ్యలో అచ్చువేద్దాం. అది పట్టుకుని కలెక్టరేట్‌కు పోతే, మా ఖర్చు ఇది అని నోటితో చెప్పినట్టు ఉండదు.

పెర్కిట్ అక్కకు పోయిన వారం జవాబు చెప్పాను. "అక్కా, నీ భూమి మంచిదే. పసుపుకు మంచిది, వరికి మంచిది. ఆ గడ్డికి మాత్రం కాళ్ళ కింద తడి ఆరాలె. గెట్టు పొంటి ఎత్తుగున్న చెక్కల, కాలువ తీసి, పది గుంటలు ఎయ్యి." ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "ఈ ముచ్చట పోయిన దసరాకే చెప్తే నా పైసలన్న మిగులు గదనే అన్నా" అన్నది. ఆ మాట నాకు, మన సంఘానికి ఇద్దరికీ తగిలింది. ఈ దసరాకు ముందే మీకు చెబుతున్నాను.